మొదటి రొట్టె ఎవరిది

ఆ పొద్దున మబ్బు కిందికి దిగి కూర్చుంది. వాన లేదు, వచ్చే సూచనా లేదు. గాలి కదలడం లేదు. అలాంటి రోజున రొట్టెల బట్టీ పొగ పైకి పోదు. గొట్టం అంచు దాటి, కాస్త ఆలోచించి, గోడ వెంట కిందికి జారి వీధిలో నడుస్తుంది. ఎదురింటి దర్జీ కుట్టుమిషను ఆపి కిటికీ మూసుకున్నాడు. మూసుకుంటూ, "వెలిగించిందన్నమాట" అన్నాడు భార్యతో.

వెలిగించింది. పోయిన వారం ఆమె అన్న మాట ఈపాటికి వీధంతా తెలుసు. భర్త పోయాక గడప దాటకుండా గడపాల్సిన ఇద్దత్ ముగిసిన మర్నాడే ఆ ఇంటి నడిమి కోడలు బట్టీ గదిలోకి వచ్చింది. ఆ రోజే బావగారు, అంటే ఆ ఇంటి పెద్దకొడుకు, దుకాణం అమ్మేస్తున్నామని చెప్పాడు. కొనేది గోడౌన్ పెద్దాయన, పోయిన వాళ్ళ నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. అంతా పడగొట్టి సరుకు దింపుకునే కొట్టం కట్టుకుంటాడట. పిల్లలు లేరు గనక భర్త వదిలినదాంట్లో నాలుగో వంతు నీకు వస్తుంది, అది ఎక్కడికీ పోదు అని కూడా బావగారు చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది. విని, బట్టీ గోడమీద అరచెయ్యి ఆనించి, "తక్కినవి నాకు తెలీవు బావగారూ. బట్టీ మాత్రం మీది కాదు. అది నా మెహర్" అన్నది. పెళ్ళినాడు మగవాడు ఆడదానికి ఇవ్వాల్సిన సొమ్ము అది. ఆ మాట దగ్గర అందరూ లేచి వెళ్ళిపోయారు.

ఈ వారం ఖాజీగారిని వెంటబెట్టుకుని వచ్చారు.

బట్టీ గది చిన్నది. పిండి పిసికే తొట్టి ఒక గోడకు, రొట్టెలు పొంగడానికి పెట్టే చెక్క పలకలు ఇంకో గోడకు. పలకల మీద తడిగుడ్డ కప్పి ఉంది. దాని కింద పిండి ముద్దలు నిద్రపోతున్న పిల్లల్లా ఊపిరి పీలుస్తున్నాయి. మూడో గోడంతా బట్టీయే. దాని నోటికి ఇనుప తలుపు, పక్కన నిలబెట్టిన పొడుగు కర్ర పార. ఖాజీగారికి చేతులూడిన కుర్చీ వేశారు. ఆయన నల్లకోటు మీద అప్పుడే రెండుచోట్ల పిండి అంటింది. ఆయన చూసుకోలేదు, చూసినవాళ్ళు చెప్పలేదు.

అత్త తన చోటులోనే ఉంది. బట్టీ గోడ వెచ్చగా తగిలేచోట పీట వేసుకుని, గోనెసంచి చిరుగు దబ్బనంతో కుడుతోంది. కళ్ళకు సగమే కనిపిస్తుంది. వేళ్ళకు పూర్తిగా కనిపిస్తుంది.

"ముందు నువ్వు చెప్పు" అన్నారు ఖాజీగారు పెద్దకొడుకుతో.

పెద్దకొడుకుది బట్టల కొట్టు. మాట్లాడేటప్పుడు ఎదురుగా లేని గుడ్డను కూడా చేత్తో సాపు చేస్తుంటాడు. కొట్టు కూర్చుండిపోయి చాలాకాలమైందని వీధిలో అందరికీ తెలుసు, ఆయన ఒక్కడే ఎవరికీ తెలియదనుకుంటాడు.

"చెప్పడానికేముంది ఖాజీగారూ. మెహర్ ఉంది, కాదనను. నిఖా అన్నాక మెహర్ లేకుండా ఉంటుందా. కానీ దాన్ని ఈ అమ్మాయి మాఫ్ చేసింది. తమ్ముడి జనాజా లేపే ముందు, వాడి తల దగ్గర నిలబడి, ఇంతమంది ఆడవాళ్ళు వింటుండగా చేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటిన మాటను మళ్ళీ లోపలికి లాక్కోవడం ఎక్కడన్నా ఉందా?"

ఖాజీగారు కోడలి వైపు తిరిగారు. "అన్నావా తల్లీ?"

"అన్నాను."

చిన్నకొడుకు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. సరుకుల వ్యాను తోలుతాడు, ఎక్కడున్నా తాళాలు వేలికి తిప్పుతుంటాడు. "అయితే అయిపోయింది. టీ తాగి లేద్దాం" అన్నాడు.

"తాగు. ఎవరు వద్దన్నారు" అన్నది అత్త, దబ్బనం ఆపకుండా.

"అందరి ఎదుటా ఈ మాట నాకూ ఇష్టం లేదు" అన్నాడు పెద్దకొడుకు. "పెద్దావిణ్ణి అసలు ఇందులోకి లాగొద్దని గోడౌన్ పెద్దాయన మొదటే చెప్పాడు. మీ అమ్మను కదిలించకండి, కాగితం మీద మీ అన్నదమ్ములు చాలు, తొందరగా కానిద్దాం అన్నాడు. పరాయివాడికి ఉన్న మర్యాద మనకు లేకపోయె."

దబ్బనం ఒక్క కుట్టు ఆలస్యమైంది. మళ్ళీ నడిచింది.

"ఏమని అన్నావు తల్లీ? ఎలా అన్నావు? గుర్తున్నంత చెప్పు."

కోడలు తడిగుడ్డ అంచు ఎత్తి, ముద్దను వేలితో నొక్కి చూసి, మళ్ళీ కప్పింది. ఇంకా టైముంది.

"అటొకరు ఇటొకరు నా భుజాలు పట్టుకున్నారు. ఇటువైపు అత్తయ్య. అటువైపు ఎవరో నేను చూడలేదు. మాఫ్ చేశానని అను, లేకపోతే వాడికి అక్కడ బరువు అన్నారు. అక్కడ పడుకున్నది ఆయన. బరువంటే ఎవరికి మనసొప్పుతుంది? అన్నాను."

"ఏం మాఫ్ చేశావు?"

"నా మీద విసుక్కున్నవి. నాకు చెప్పకుండా తన పిన్ని కూతురి పెళ్ళికి నా గాజులు సర్దినది. తడి తువాలు మంచం మీద పడేసేవాడు, అదీ. ఆయన నాకు పడ్డ బాకీలన్నీ మాఫ్ చేశాను. బట్టీ బాకీ కాదుగా ఖాజీగారూ. అది నా దగ్గరే ఉంది. నా దగ్గరున్నదాన్ని నేను మాఫ్ చెయ్యడం ఏంటి?"

ఖాజీగారు గడ్డం నిమురుకున్నారు. మంచిమాట విన్నప్పుడు ఆయన మొహంలో ఏమీ కదలదు. గడ్డం మీద చెయ్యి మాత్రం ఆగుతుంది.

"మాఫ్ అనేది బాకీకే" అన్నారు. "ఇవ్వనిదాన్ని వదిలెయ్యొచ్చు. ఇచ్చేసినదాన్ని వదలడం అంటూ ఉండదు. ఆమె చేతికొచ్చిన సొత్తు మళ్ళీ ఇటు రావాలంటే ఆమె తన ఇష్టంగా ఇవ్వాలి, తీసుకునేవాడు బతికుండి తీసుకోవాలి. ఇంకోటి, భుజాలు పట్టుకుని అనిపించినదాన్ని ఇష్టమని నేను రాయను. అయితే తల్లీ, ఇచ్చాడని నువ్వంటే సరిపోదు. ఇచ్చినట్టు చూసినవాళ్ళుండాలి."

"అదీ" అన్నాడు చిన్నకొడుకు. "బట్టీ ఏమన్నా ఉంగరమా వేలికి తొడగడానికి? ఎలా ఇచ్చాడంట, కొంగులో పోశాడా?"

"నువ్వే చూశావు అబ్బాయ్. రోజూ చూశావు" అన్నది కోడలు.

"నేనా?"

"పొద్దున లేచి మీ అన్న ఏం చేసేవాడు?"

"ఏం చేస్తాడు, బట్టీ వెలిగించేవాడు."

"అంతకు ముందు?"

చిన్నకొడుకు నవ్వాడు. నవ్వక ఉండలేడు. ఆ సంగతి వీధిలో అందరికీ పాత నవ్వు. ఆ నడిమివాడు పెళ్ళయిన మర్నాటి నుంచి మంచాన పడేదాకా ఒక్క పొద్దు కూడా అడగకుండా బట్టీ వెలిగించలేదు. చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని వంటింటి గడప బయట నిలబడి, "నిప్పు పెట్టమంటావా?" అనేవాడు. లోపల్నుంచి ఆమె "పెట్టు" అనేవరకు కదిలేవాడు కాదు. ఆమె నిద్రపోతుంటే లేచేదాకా నిలబడేవాడు. పుట్టింటికి పోతే ముందురోజే అన్ని రోజులకూ కలిపి అడిగి పెట్టుకునేవాడు. పాలవాడు విన్నాడు, దర్జీ విన్నాడు. వీధి ఆయనకు పర్మిషన్‌గారని పేరు పెట్టింది. పర్మిషన్‌గారూ, తుమ్మమంటారా అని పిల్లలు అడిగేవాళ్ళు. అడగనిదే అమ్మయినా పెట్టదు, ఇక ఆలి పెడుతుందా అని దర్జీ అనేవాడు. ఆయన అన్నిటికీ నవ్వేవాడు. మర్నాడు మళ్ళీ గడప బయట నిలబడేవాడు.

"పెళ్ళాం మాట దాటడని..." అని మొదలుపెట్టిన చిన్నకొడుకు మధ్యలో ఆగాడు. వేలిమీద తాళాలు కూడా ఆగాయి.

"ఇంకే విషయంలో నా మాట విన్నాడు చెప్పు" అన్నది కోడలు. "బీడీ మానమంటే మానాడా? డాక్టరు దగ్గరికి పదమంటే వచ్చాడా? వచ్చుంటే ఇవాళ ఈ గదిలో ఇంతమందిమి ఉండేవాళ్ళం కాదు. ఒక్క బట్టీకే అడిగేవాడు. పరాయి సొత్తు గనక అడిగేవాడు."

బట్టీలో కట్టె ఒకటి విరిగి కూర్చుంది.

"మొదటి వాయిలో మొదటి రొట్టె తెచ్చి నా పళ్ళెంలో వేసేవాడు. అది బాడుగ. నీ బట్టీ వాడుకుంటున్నా, ఇది నీకు అనేవాడు."

"నేను పెళ్ళాం పిచ్చనుకున్నా" అన్నది అత్త.

కోడలు అటు చూడలేదు. "అదీ ఉందేమో అత్తయ్యా" అన్నది.

ఖాజీగారు పెద్దకొడుకు వైపు తిరిగారు. "ఆ నిఖా చేసింది నేనే. కానీ నేను ఏళ్ళతరబడి రోజుకొకటి చదివినవాణ్ణి, ఎవరి మెహర్ ఏమిటో నాకు గుర్తు లేదు. లేనిదాన్ని ఉందనను. సాక్షులు ఇద్దరు. ఒకరు పెళ్ళికూతురు మేనమామ, పోయాడు. రెండోవాడివి నువ్వు."

పెద్దకొడుకు చెయ్యి గాలిలో గుడ్డను సాపు చేస్తూ చేస్తూ నిలిచిపోయింది.

ఆయన చెడ్డవాడు కాదు. గోడౌన్ పెద్దాయనకు మాట ఇచ్చేశాడు, అంతే. మాట ఇచ్చినరోజు రాత్రి చాలాకాలానికి ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ నిద్ర పోతుంది. తెరవకపోతే ఇంకోటి పోతుంది. ఆయన బట్టీ నోటివైపే చూస్తూ కూర్చున్నాడు. ఇనుప తలుపు సందులోంచి ఎర్రగీత కనబడుతోంది.

"ఒకసారి వాడికి ఒళ్ళు వెచ్చబడింది" అన్నాడు చివరికి. "ఈ అమ్మాయి నీళ్ళకు పోయింది. పిండి పులిసిపోతోందని నేనే వెలిగించాను. వాడు దుప్పటి కప్పుకుని లేచొచ్చాడు. ఒక్కమాట అనలేదు. కట్టెలన్నీ గీకి పెరట్లోకి లాగి నీళ్ళు కుమ్మరించాడు. ఆ రోజు వీధికి రొట్టె లేదు. ఎందుకురా అంటే, నువ్వు అడగలేదు గదన్నా అన్నాడు. ఎవర్నడగాలి అని నేను అనలేదు. అనుంటే చెప్పేవాడు. చెబుతాడనే అనలేదు."

"నిఖానాడు ఏమన్నాడు?"

"ఏమిస్తావని మీరే అడిగారు. వాడిచేతిలో ఏముంది? ఇంట్లో అందరికంటే ముందు లేచి, మన్ను తొక్కి, ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్న బట్టీ ఒక్కటే వాడి సొంతం. నాన్న కూడా దానిమీద చెయ్యి వెయ్యలేదు. ఈ బట్టీ ఇచ్చాను అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." పెద్దకొడుకు తలెత్తాడు. "నవ్వినమాట సాక్ష్యమవుతుందా ఖాజీగారూ?"

"విన్నమాట సాక్ష్యం. నవ్వు నీ సొంతం."

"అయితే విన్నాను. ఇచ్చాను అన్నాడు, ఇస్తాను అనలేదు. సాయంత్రం ఆ అమ్మాయి చేతికి అగ్గిపెట్టె ఇచ్చి మొదటి నిప్పు ఆమె చేతే పెట్టించాడు. అది కూడా చూశాను."

ఖాజీగారు లేచి నిలబడ్డారు. కోటు మీద పిండి ఇప్పుడు కనిపించింది, దులుపుకోలేదు. "బట్టీ ఆమెది. నీ తమ్ముడు వదిలిపోయినదాంట్లో అది రాదు. పంచేవాళ్ళు దాన్ని పక్కనబెట్టి పంచుకోండి" అన్నారు.

కోడలు చేతులు కొంగుకు తుడుచుకుంది. పిండి లేని చేతులే.

గుమ్మం దగ్గర తాళాలు మళ్ళీ తిరగడం మొదలైంది. "సరే, బట్టీ నీదే వదినా. శుభం" అన్నాడు చిన్నకొడుకు. "నెత్తిన పెట్టుకుని పోతావా? వ్యాను తెమ్మంటావా?"

"నోరు మూసుకో" అన్నాడు పెద్దకొడుకు. కానీ ఆ మాట చెవిలో పడ్డాక వదల్లేదు. కాసేపటికి గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు, "అసలు చిక్కు అదే అమ్మాయ్. బట్టీ నీది, నిజం. అది నిలబడ్డ నేల నాన్నది, ఆయన తర్వాత మాది. నేను మాటిచ్చాను. కావాలంటే ఒక్క ఇటుక కూడా పగలకుండా విప్పించి, నువ్వు చెప్పినచోట దింపిస్తాను" అన్నాడు.

కోడలు మళ్ళీ బట్టీ గోడమీద అరచెయ్యి ఆనించింది. విప్పిన బట్టీ బట్టీ కాదు, ఇటుకల కుప్ప. దాన్ని ఎక్కడ దింపించుకుంటుంది? ఆమెకు మిగిలింది తమ్ముడింటి వరండాలో ఒక మంచం. ఆ మంచం ఎంత పొడుగుండాలో తమ్ముడి భార్య అప్పుడే కొలిచి పెట్టుకుంది. గెలిచిన బట్టీని చూస్తూ ఆమె నిలబడింది. గెలిచి ప్రయోజనం లేదని ఆ గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది.

అత్త దారం పళ్ళతో కొరికింది. సంచి మడిచి పక్కన పెట్టింది. దబ్బనం కొంగులో గుచ్చుకుంది.

"నేల ఎవరిదో నన్నడగరేం?" అన్నది.

"నాన్నదే గదమ్మా" అన్నాడు పెద్దకొడుకు.

"మీ నాన్న నా నిఖాలో ఏం చెప్పాడో ఎప్పుడన్నా అడిగారా? మెహరంటే కోడళ్ళకే అనుకున్నారా? మీ అమ్మను ఊరికే తెచ్చుకున్నాడనుకున్నారా?" ఆమె గొంతు పెంచలేదు. సంచిలో ఎన్ని చిరుగులున్నాయో చెబుతున్నట్టే చెప్పింది. "ఈ దుకాణం నేల నాకు చెప్పాడు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా."

చిన్నకొడుకు గుమ్మం వదిలి లోపలికొచ్చాడు. "మరి నాన్న పోయినప్పుడు నువ్వూ మాఫ్ చేశావు గదా. మేనత్తలంతా చెప్పారు."

"వాళ్ళు చెప్పుకున్నారు. నాకూ అటొకరు ఇటొకరు నిలబడ్డారు. అనవే అనవే అన్నారు. పెదవులు కదిపాను. గొంతు రాలేదు. ఏడుపనుకున్నారు. అన్నదిలే పాపం అని వాళ్ళే జనాజా లేపించారు."

"ఏడుపు కాదా అమ్మా?" అన్నాడు పెద్దకొడుకు.

"ఏడుపూ ఉంది. గొంతు మాత్రం నేనే ఆపాను. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఇందాక నువ్వే అంటివి గదరా. నాది పెదవి దాటలేదు."

కోడలు ఇప్పుడు అత్తను సూటిగా చూసింది. ఇన్నాళ్ళుగా అడగని ప్రశ్న ఆ చూపులో ఉంది. సగం కళ్ళకు అది ఎలా కనబడిందో, అత్త దానికే జవాబు చెప్పింది.

"నేను అననిది నీచేత అనిపించాను. తెలుసు. అక్కడ పడుకున్నది నా కొడుకు. మొగుడి బరువు మొగుణ్ణే మోసుకోనిచ్చాను. కొడుకు దగ్గరికొచ్చేసరికి నాకంత గుండె లేకపోయింది."

కోడలు ఒక అడుగు వేసి, అత్త కొంగులో తలకిందులుగా గుచ్చిన దబ్బనం తీసి, గీసుకోకుండా సరిగ్గా గుచ్చింది.

ఖాజీగారు మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. "అమ్మా, నీ నిఖా చేసింది మా నాన్నగారు. ఆయన లేరు. నువ్వు చెప్పింది నేను నమ్ముతాను, కానీ నా నమ్మకంతో పని జరగదు. నీ సాక్షులెవరు? ఉన్నారా?"

"ఒకడు నా అన్న. ఎప్పుడో పోయాడు."

"రెండోవాడు?"

"ఉన్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు. పెళ్ళికొడుకు పక్కనే కూర్చుని, నేల ఇస్తున్నావట్రా, రేపు నిన్నే బయటికి గెంటుతుంది చూసుకో అని వేళాకోళం ఆడాడు. నేను తెరవెనక విన్నాను." అత్త పెద్దకొడుకు వైపు మొహం తిప్పింది. "మీ అమ్మను కదిలించకండి అన్నాడన్నావే. వాడే."

గోడౌన్ పెద్దాయన తొందర, ఆయన మర్యాద, కాగితం మీద మీరిద్దరూ చాలన్న మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చి, నేల ఎవరిదో ఆయనకు మొదటినుంచీ తెలుసని పెద్దకొడుక్కి అర్థమైంది.

కోడలు తడిగుడ్డ తీసింది. ముద్దలు పొంగాయి. ఇక ఆగితే పులుస్తాయి. ఎవరి నేల మీదైనా పిండికి దాని టైము దానిది. పారమీద ఒక్కొక్కటే పెట్టి లోపలికి జార్చి, ఇనుప తలుపు మూసింది. గదిలో అందరూ కాలుతున్న పిండి వాసన పీలుస్తూ కూర్చున్నారు, లేచి పోదామని ఎవరూ అనలేదు. అయ్యాక తలుపు తీసి రొట్టెలు బల్లమీదికి లాగింది. పలకలు దించి, చాప పరిచి, అత్త పళ్ళేలు పెట్టింది. గిన్నెలో వెచ్చబెట్టిన రాత్రి కూర చాలదేమోనని చూసి, చాలుతుందనుకుంది.

పెద్దకొడుకు తప్ప అందరూ చాపమీద కూర్చున్నారు. ఖాజీగారు దేవుడి పేరు తలచుకుని తన రొట్టె తుంచారు. చిన్నకొడుకు తుంచాడు. వేలికి తాళాలు లేవు, ఎక్కడో పెట్టేశాడు. అత్త తడుముకుని కూరగిన్నె కోడలి వైపు జరిపింది. కోడలు దాన్ని మళ్ళీ అత్త వైపే జరిపింది.

మొదటి వాయిలో మొదటి రొట్టెను పెద్దకొడుకు బల్లమీంచి తనే తీశాడు. ఎవరూ చెప్పలేదు. తీసి, వాడుకున్నవాడు ఇవ్వాల్సిందే అన్నట్టు రెండడుగులు వేసి, వంగాడు. వంగి ఆగాడు. బట్టీ ఎవరిదో ఆమె పళ్ళెం ఒకటి, నేల ఎవరిదో ఆమె పళ్ళెం ఒకటి, పక్కపక్కనే ఉన్నాయి.

మిగతావాళ్ళు తింటున్నారు. బయట పొగ ఇంకా కిందనే నడుస్తోంది. పెద్దకొడుకు చేతిలో రొట్టె ఆ వేడికి ఈ చేతి నుంచి ఆ చేతికి, ఆ చేతి నుంచి ఈ చేతికి మారుతూనే ఉంది.